క్రెడిట్ కార్డు రక్షణ (కార్యక్రమాల రద్దు)

డబ్బు చెల్లించి టికెట్టు కొన్న కార్యక్రమం రద్దయినప్పుడు, నిర్వాహకులు సొమ్ము తిరిగి ఇవ్వకపోతే, కార్డు జారీ చేసిన బ్యాంకు ద్వారా ఆ సొమ్మును రాబట్టుకొనే ఏర్పాటును స్థూలంగా క్రెడిట్ కార్డు రక్షణ అంటారు. సంగీత కచేరీ, క్రికెట్ మ్యాచ్, నాటక ప్రదర్శన, విహార యాత్ర, విమాన ప్రయాణం వంటివి దీని పరిధిలోకి వస్తాయి. భారతదేశంలో ఈ రక్షణకు ప్రత్యేకమైన చట్టమేదీ లేదు. కార్డు నెట్‌వర్కుల ఛార్జిబ్యాక్ నియమాలు, భారతీయ రిజర్వ్ బ్యాంకు నిర్దేశాలు, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, 1872 నాటి కాంట్రాక్టు చట్టం కలిసి ఈ రక్షణను కల్పిస్తున్నాయి. నల్గొండ, మహబూబ్ నగర్ ప్రాంతాల ప్రజలు ఎక్కువగా హైదరాబాదులో జరిగే కార్యక్రమాలకు ముందుగానే ఆన్‌లైన్‌లో టికెట్లు కొంటారు. కనుక కార్యక్రమం జరిగే చోటుకు దూరంగా ఉండి సొమ్ము రాబట్టుకోవలసిన అవసరం వీరికి ఏర్పడుతుంది.

పేరు వల్ల కలిగే పొరపాటు

కొన్ని కార్డులతో పాటు "పర్చేజ్ ప్రొటెక్షన్" అనే సదుపాయాన్ని బ్యాంకులు ప్రకటిస్తాయి. ఇది బీమా. కార్డుపై కొన్న వస్తువు నిర్ణీత రోజులలోగా దొంగిలింపబడినా, అగ్నిప్రమాదంలో పాడైనా బీమా సంస్థ పరిహారం చెల్లిస్తుంది. టెలివిజన్, సెల్‌ఫోన్ వంటి వస్తువులకు ఇది పనికి వస్తుంది. కార్యక్రమం రద్దు కావడం సాధారణంగా ఈ బీమా పరిధిలోకి రాదు. టికెట్టు కొన్నవారికి ఉపయోగపడేది ఛార్జిబ్యాక్ పద్ధతి.

అదే విధంగా రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న జారీ చేసిన ఉత్తర్వు కూడా దీనికి వర్తించదు. ఖాతాదారుని ప్రమేయం లేకుండా జరిగిన మోసపు లావాదేవీని మూడు పనిదినాలలోగా తెలియజేస్తే ఖాతాదారునిపై భారం పడదని ఆ ఉత్తర్వు చెప్పింది. టికెట్టు కొన్న లావాదేవీ కార్డుదారుడు స్వయంగా చేసినదే. కనుక కార్యక్రమం రద్దయినప్పుడు "ఈ లావాదేవీ నేను చేయలేదు" అని ఫిర్యాదు చేయడం అబద్ధమవుతుంది, ఫిర్యాదు కూడా తిరస్కరణకు గురవుతుంది. "చెల్లించిన సేవ అందలేదు" అని చెప్పడమే సరియైన కారణం.

చరిత్ర

భారతదేశంలో క్రెడిట్ కార్డులు 1980 దశకం ప్రారంభంలో వచ్చాయి. 1980లో సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, 1981లో ఆంధ్రా బ్యాంకు వీటిని ప్రవేశపెట్టాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఈ రంగంలో తొలి బ్యాంకులలో ఒకటిగా నిలిచింది. ఈ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైనది. భారత జాతీయ చెల్లింపుల సంస్థ 2012లో రూపే కార్డులను ప్రారంభించింది. 2022 నుండి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి అనుసంధానం చేసుకొనే వీలు కలిగింది.

టికెట్టు సొమ్ము వాపసు అనే సమస్య కార్డుల కంటే చాలా పాతది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 65వ సెక్షను ప్రకారం, ఒప్పందం చెల్లకుండా పోయినప్పుడు దాని వల్ల లబ్ధి పొందినవారు ఆ లబ్ధిని తిరిగి ఇవ్వాలి. ఆ సెక్షను కింద చట్టమే ఒక కచేరీని ఉదాహరణగా ఇచ్చింది. ఒక వ్యక్తి కచేరీలో పాడటానికి ముందుగా వెయ్యి రూపాయలు తీసుకొని, జబ్బు చేసి పాడలేకపోయాడు. కచేరీ జరిగి ఉంటే నిర్వాహకునికి వచ్చే లాభాన్ని గాయకుడు భరించనవసరం లేదు గాని, తీసుకున్న వెయ్యి రూపాయలు మాత్రం తిరిగి ఇవ్వాలి. ఎవరి తప్పూ లేకుండా కార్యక్రమం ఆగిపోయినా అడ్వాన్సును అట్టిపెట్టుకొనే హక్కు పుట్టదన్నది దీని సారాంశం. పూర్వం హైదరాబాదు రాజ్యంలో భాగంగా ఉన్న నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాలకు ఈ చట్టం 1951లో వర్తించింది.

ఛార్జిబ్యాక్ పనిచేసే విధానం

కార్డు చెల్లింపులో నలుగురు పాత్రధారులు ఉంటారు. కార్డుదారుడు, కార్డు ఇచ్చిన బ్యాంకు, సొమ్ము అందుకొనే వ్యాపారి, ఆ వ్యాపారికి ఖాతా ఉన్న బ్యాంకు. ఈ రెండు బ్యాంకులను కలిపేది వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి నెట్‌వర్కు. కార్డుదారుడు ఫిర్యాదు చేసినప్పుడు అతని బ్యాంకు నెట్‌వర్కు ద్వారా వ్యాపారి బ్యాంకు నుండి సొమ్మును వెనక్కి కోరుతుంది. వ్యాపారి తన వాదనను, ఆధారాలను సమర్పించవచ్చు. ఉభయులూ అంగీకరించకపోతే చివరకు నెట్‌వర్కు మధ్యవర్తిగా నిర్ణయిస్తుంది. ఫిర్యాదు అందగానే బ్యాంకు తాత్కాలికంగా సొమ్మును కార్డు ఖాతాకు జమ చేసినా, వ్యాపారి వాదన నెగ్గితే దానిని తిరిగి తీసుకుంటుంది. కనుక తాత్కాలిక జమను తుది పరిష్కారంగా భావించరాదు.

నెట్‌వర్కులు ఫిర్యాదు కారణాలకు సంకేత సంఖ్యలు ఇచ్చాయి. వీసాలో సేవ అందకపోవడానికి 13.1, వాపసు ఇస్తామని చెప్పి జమ చేయకపోవడానికి 13.6, రద్దయిన సేవలకు 13.7 సంఖ్యలు ఉన్నాయి. మాస్టర్‌కార్డ్‌లో కార్డుదారుని వివాదాలకు 4853 సంఖ్యను వాడతారు. ఫిర్యాదుదారుడు ఈ సంఖ్యలను చెప్పవలసిన అవసరం లేదు. అయితే ఫిర్యాదులో రాసిన కారణాన్ని బట్టే బ్యాంకు సంఖ్యను ఎంచుకుంటుంది కాబట్టి కారణం స్పష్టంగా ఉండాలి.

గడువు

వీసా, మాస్టర్‌కార్డ్ నియమాలలో సాధారణ గడువు 120 రోజులు. భవిష్యత్తులో జరిగే కార్యక్రమాల విషయంలో ఈ గడువును టికెట్టు కొన్న తేదీ నుండి కాక, సేవ అందవలసిన తేదీ నుండి లెక్కిస్తారు. అయితే లావాదేవీ తేదీ నుండి 540 రోజులు దాటరాదు.

ఉదాహరణకు నల్గొండలో నివసించే ఒక వ్యక్తి జనవరి 10న హైదరాబాదులో జరిగే కచేరీకి టికెట్టు కొన్నాడనుకుందాం. కచేరీ ఏప్రిల్ 20న జరగవలసి ఉండగా ఏప్రిల్ 15న రద్దయినది. కొన్న తేదీ నుండి లెక్కిస్తే మే నెలలోనే గడువు ముగిసినట్లు కనిపిస్తుంది. ఏప్రిల్ 20 నుండి లెక్కిస్తే ఆగస్టు 18 వరకు సమయం ఉంటుంది. అయినప్పటికీ బ్యాంకులు తమ పని పూర్తిచేయడానికి కొంత సమయం ఉంచుకుంటాయి కాబట్టి చివరి వారం వరకు ఆగడం మంచిది కాదు. "వచ్చే నెల ఇస్తాం" అని నిర్వాహకులు వాయిదాలు వేస్తూ పోతే నష్టపోయేది కార్డుదారుడే, ఎందుకంటే వారి హామీల వల్ల గడువు ఆగదు.

ఫిర్యాదు చేసే పద్ధతి

1. మొదట నిర్వాహకులను లేదా టికెట్టు అమ్మిన సంస్థను రాతపూర్వకంగా వాపసు కోరాలి. ఫోనులో మాట్లాడితే రుజువు ఉండదు. ఈ ప్రయత్నం చేయకుండా బ్యాంకుకు వెళితే ఫిర్యాదు బలహీనపడుతుంది.
2. టికెట్టు నకలు, చెల్లింపు సందేశం, రద్దు ప్రకటన, కొన్నప్పుడు చూపిన షరతులు, నిర్వాహకుల జవాబు భద్రపరచాలి. రద్దు ప్రకటనలు తరువాత వెబ్‌సైటు నుండి తొలగిపోయే అవకాశం ఉన్నందున వెంటనే నకలు తీసుకోవాలి.
3. జవాబు రాకపోయినా, తిరస్కరించినా కార్డు ఇచ్చిన బ్యాంకుకు "సేవ అందలేదు" అనే కారణంతో ఫిర్యాదు చేసి, ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి.
4. వివాదంలో ఉన్న మొత్తాన్ని ఏమి చేయాలో బ్యాంకు నుండి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. మిగిలిన బిల్లును గడువులోగా చెల్లించాలి.

నాలుగవ అంశంలోనే చాలామంది నష్టపోతారు. టికెట్టు సొమ్ము రాలేదనే కోపంతో మొత్తం బిల్లు ఆపివేస్తే వడ్డీ, ఆలస్య రుసుము పడతాయి, రుణ చరిత్రలో మచ్చ మిగులుతుంది. కొన్ని వేల రూపాయల టికెట్టు కోసం రేపటి ఇంటి రుణానికో, పిల్లల విద్యా రుణానికో ఆటంకం తెచ్చుకున్నట్లవుతుంది.

రిజర్వ్ బ్యాంకు నియమాలు

రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్ 21న కార్డుల జారీపై సమగ్ర నిర్దేశాలు ఇచ్చింది. అవి అదే సంవత్సరం జూలై 1 నుండి అమలులోకి వచ్చాయి. బిల్లుపై కార్డుదారుడు అభ్యంతరం తెలిపితే 30 రోజులలోగా బ్యాంకు వివరణ ఇవ్వాలని వాటిలో నియమం పెట్టారు. రద్దయిన లావాదేవీల సొమ్ము జమ అయినప్పుడు, బిల్లు గడువు ఇంకా మిగిలి ఉంటే దానిని వెంటనే ఆ బిల్లులో సర్దుబాటు చేయాలని కూడా చెప్పారు.

2020 మార్చి 17 నాటి చెల్లింపు మధ్యవర్తి సంస్థల మార్గదర్శకాలలో మరొక ముఖ్యమైన నియమం పెట్టారు. ఏ మార్గంలో సొమ్ము వచ్చిందో అదే మార్గంలో వాపసు ఇవ్వాలి. వేరే విధంగా ఇవ్వాలంటే కొనుగోలుదారుని అంగీకారం ఉండాలి. నగదుకు బదులు కూపన్ ఇస్తామని నిర్వాహకులు చెప్పినప్పుడు ఈ నియమం ఉపయోగపడుతుంది. ఆ కూపన్‌ను ఒకసారి అంగీకరించి, తరువాత ఛార్జిబ్యాక్ కోరితే ఫిర్యాదు నిలవడం కష్టం.

బ్యాంకు 30 రోజులలో జవాబు ఇవ్వకపోయినా, జవాబు సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. మూడు వేర్వేరు పథకాలను కలిపి 2021 నవంబరు 12న సమీకృత అంబుడ్స్‌మన్ పథకాన్ని ప్రారంభించారు. దీనికి రుసుము లేదు. అంబుడ్స్‌మన్ విచారించేది బ్యాంకు సేవాలోపాన్ని మాత్రమే. నిర్వాహకులకు, కొనుగోలుదారునికి మధ్య తగవును తీర్చే అధికారం ఆయనకు లేదు.

వినియోగదారుల కమిషన్లు

ఛార్జిబ్యాక్ ద్వారా వచ్చేది టికెట్టు సొమ్ము మాత్రమే. మహబూబ్ నగర్ నుండి హైదరాబాదు వెళ్ళిన బస్సు ఛార్జీలు, బస ఖర్చు, మానసిక వేదనకు పరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలి. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20న అమలులోకి వచ్చింది. జిల్లా ఫోరం పేరు అప్పటి నుండి జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌గా మారింది.

ఈ రెండు ప్రాంతాల ప్రజలకు కొత్త చట్టం తెచ్చిన పెద్ద మార్పు 34వ సెక్షనులో ఉంది. ఫిర్యాదుదారుడు తాను నివసించే చోట లేదా పనిచేసే చోట కేసు వేయవచ్చు. కార్యక్రమం హైదరాబాదులో జరగవలసి ఉన్నా, టికెట్టు అమ్మిన సంస్థ ముంబాయిలో ఉన్నా, నల్గొండ వాసి నల్గొండ కమిషన్‌లోనే, పాలమూరు వాసి మహబూబ్ నగర్ కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. పాత చట్టం ప్రకారం ప్రతివాది ఉన్న చోటికో, వివాదం తలెత్తిన చోటికో వెళ్ళవలసి వచ్చేది.

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నల్గొండ జిల్లా నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, మహబూబ్ నగర్ జిల్లా నుండి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. నారాయణపేట జిల్లా 2019 ఫిబ్రవరి 17న ఏర్పడింది.

చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయలు మించనప్పుడు జిల్లా కమిషన్‌కు విచారణాధికారం ఉంటుంది. 5 లక్షల వరకు ఫిర్యాదు రుసుము లేదు. వివాదం తలెత్తిన రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. న్యాయవాది తప్పనిసరి కాదు. జిల్లా కమిషన్ తీర్పుపై 45 రోజులలోగా హైదరాబాదులోని రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయడానికి 2020 సెప్టెంబరులో ఈ-దాఖిల్ పోర్టల్‌ను ప్రారంభించారు. కేసు వేయడానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ద్వారా తెలుగులో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

లోపభూయిష్టమైన సేవను నిలిపివేసి సొమ్ము వాపసు చేయడానికి బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజులలోగా అంగీకరించకపోవడాన్ని 2019 చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొన్నది. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్ విక్రయ సంస్థ ఫిర్యాదుల అధికారిని నియమించి, ఫిర్యాదు అందినట్లు 48 గంటలలోగా తెలియజేసి, ఒక నెలలోగా పరిష్కరించాలి.

కొన్ని సందర్భాలు

ఉప్పల్ క్రికెట్ మ్యాచ్‌లు

రద్దు అనే మాటకు ఎన్ని అర్థాలు ఉంటాయో హైదరాబాదులోని ఉప్పల్ స్టేడియంలో జరగవలసిన మూడు ఐపీఎల్ మ్యాచ్‌లు తెలుపుతాయి. 2024 మే 16న సన్‌రైజర్స్ హైదరాబాద్, గుజరాత్ టైటాన్స్ జట్ల మ్యాచ్ వర్షం వల్ల ఒక్క బంతి కూడా పడకుండానే రద్దయినది. 2025 మే 5న ఢిల్లీ క్యాపిటల్స్‌తో మ్యాచ్ ఒక ఇన్నింగ్స్ ముగిశాక వర్షంతో ఆగిపోయింది. 2025 మే 10న కోల్‌కత నైట్ రైడర్స్‌తో జరగవలసిన మ్యాచ్, మే 9న టోర్నమెంటు తాత్కాలికంగా నిలిచిపోవడం వల్ల జరగలేదు. ఆ మ్యాచ్‌ను మే 25న ఢిల్లీలో నిర్వహించారు.

మొదటి సందర్భంలో సేవ అసలు అందలేదు. రెండవ దానిలో కొంత అందింది. క్రీడా టికెట్ల షరతులలో ఒక్క బంతి పడినా వాపసు ఉండదనే నిబంధన తరచుగా కనిపిస్తుంది. కనుక ఇటువంటి చోట ఛార్జిబ్యాక్ నెగ్గడం కష్టం. మూడవ దానిలో మ్యాచ్ జరిగినా వేరే నగరంలో జరిగినది. సూర్యాపేట నుండి ఉప్పల్‌కు రావడానికి టికెట్టు కొన్నవారికి ఢిల్లీ మ్యాచ్ ప్రయోజనం లేనిదే. వేదిక మారడాన్ని కూడా సేవ అందకపోవడంగానే వాదించవచ్చు.

నదీ విహారం

నల్గొండ జిల్లాలోని నాగార్జునసాగర్ నుండి శ్రీశైలానికి, నాగర్‌కర్నూల్ జిల్లాలోని సోమశిల నుండి శ్రీశైలానికి తెలంగాణ పర్యాటక సంస్థ లాంచీలు నడుపుతుంది. సాగర్ జలాశయం పూర్తి నీటిమట్టం 590 అడుగులు, శ్రీశైలం జలాశయానిది 885 అడుగులు. నీరు తగ్గినప్పుడు, వరద ఉధృతంగా ఉన్నప్పుడు లాంచీలు నడపడం సాధ్యం కాదు. ప్రకృతి కారణంగా యాత్ర ఆగితే నిర్వాహకుల తప్పు లేకపోవచ్చు గాని, కాంట్రాక్టు చట్టం చెప్పిన కచేరీ ఉదాహరణ వంటిదే ఈ సందర్భం కూడా. నష్టపరిహారం కోరలేకపోయినా టికెట్టు సొమ్ము కోరవచ్చు.

కోవిడ్ కాలం

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైన తరువాత లక్షలాది ప్రయాణాలు రద్దయ్యాయి. విమానయాన సంస్థలు నగదుకు బదులు క్రెడిట్ షెల్ ఇవ్వడంపై సుప్రీంకోర్టులో ప్రవాసీ లీగల్ సెల్ వేసిన వ్యాజ్యంలో 2020 అక్టోబరు 1న తీర్పు వెలువడింది. మార్చి 25 నుండి మే 24 వరకు, అదే కాలంలో ప్రయాణానికి కొన్న టికెట్లకు పూర్తి సొమ్ము వాపసు ఇవ్వాలని తీర్పు చెప్పింది. మిగిలిన టికెట్ల విషయంలో ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్న సంస్థలు 2021 మార్చి 31 వరకు చెల్లే క్రెడిట్ షెల్ ఇవ్వవచ్చని అనుమతించింది.

అదే సమయంలో పెళ్ళిళ్ళు వాయిదా పడి ఫంక్షన్ హాళ్ళకు ఇచ్చిన అడ్వాన్సులు నిలిచిపోయాయి. 2021 మే 12 నుండి జూన్ 19 వరకు తెలంగాణలో మరొకసారి లాక్‌డౌన్ విధించారు. జిల్లాలలో ఫంక్షన్ హాలు, వంట, బ్యాండు మేళం అడ్వాన్సులు ఎక్కువగా నగదుగానే ఇస్తారు. వీటికి కార్డు రక్షణ ఉండదు. రసీదు ఉంటే వినియోగదారుల కమిషన్ మార్గం మాత్రం తెరిచే ఉంటుంది.

పరిమితులు

* ఉచిత పాసులతో ప్రవేశించే కార్యక్రమాలకు రక్షణ వర్తించదు. 2024 సెప్టెంబరు 22న హైదరాబాదులో జరగవలసిన దేవర చలనచిత్రం ప్రీ రిలీజ్ వేడుక జనం అధికంగా రావడంతో రద్దయినది. ఇటువంటి వేడుకలకు సాధారణంగా టికెట్లు అమ్మరు, పాసులు ఇస్తారు. టికెట్టు సొమ్ము లేనప్పుడు వెనక్కి రాబట్టేదీ ఉండదు.
* కార్డుదారుడు తన కారణాలతో వెళ్ళలేకపోతే అది రద్దు కిందికి రాదు.
* టికెట్టును మరొకరి వద్ద నగదుకు కొన్నవారు కార్డు ద్వారా వాపసు కోరలేరు. మొదట కార్డుతో కొన్నవారి ఖాతాకే సొమ్ము జమ అవుతుంది.
* టికెట్టుపై వేసే సౌకర్య రుసుమును చాలా సంస్థలు తిరిగి ఇవ్వవు.
* డెబిట్ కార్డుకు కూడా ఛార్జిబ్యాక్ ఉన్నది. అయితే వివాదం తేలేవరకు ఖాతాదారుని సొంత సొమ్మే బయట ఉంటుంది. క్రెడిట్ కార్డులో ఆ భారం కొంత తక్కువ.
* బ్యాంకు ఖాతా నుండి నేరుగా చేసే యూపీఐ చెల్లింపులకు కార్డు నెట్‌వర్కుల నియమాలు వర్తించవు.

ఇతర దేశాలలో

తెలుగువారు అధికంగా నివసించే అమెరికా, బ్రిటన్ దేశాలలో ఈ రక్షణకు చట్టబద్ధత ఉంది. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షను ప్రకారం, 100 పౌండ్లకు మించి 30,000 పౌండ్లకు లోబడిన ధర గల కొనుగోలులో వ్యాపారి మాట తప్పితే కార్డు సంస్థ కూడా సమాన బాధ్యత వహించాలి. టికెట్టును మధ్యవర్తి ద్వారా కొన్నప్పుడు ఈ సెక్షను వర్తించకపోవచ్చు. అమెరికాలో 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం ప్రకారం, ఒప్పుకున్న విధంగా అందని సేవకు వేసిన బిల్లును బిల్లింగ్ దోషంగా పరిగణిస్తారు. బిల్లు పంపిన 60 రోజులలోగా రాతపూర్వకంగా తెలియజేస్తే కార్డు సంస్థ రెండు బిల్లింగ్ కాలాలలోగా, 90 రోజులు మించకుండా తేల్చాలి. విచారణ ముగిసే వరకు ఆ మొత్తాన్ని చెల్లించనవసరం లేదు.

భారతదేశంలో బ్యాంకుకు ఇటువంటి సమాన బాధ్యతను విధించే చట్టం లేనందున, ఛార్జిబ్యాక్ విఫలమైతే కొనుగోలుదారుడు వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* క్రెడిట్ కార్డు
* భారతీయ రిజర్వ్ బ్యాంకు
* వినియోగదారుల రక్షణ చట్టం, 2019
* భారత కాంట్రాక్టు చట్టం, 1872
* ఆంధ్రా బ్యాంకు
* నల్గొండ జిల్లా
* మహబూబ్ నగర్ జిల్లా